బిడ్డకు బాసర ట్రిపుల్ ఐటీల సీటొచ్చింది, మా ఆయన దుబాయ్ నుంచి వద్దంటున్నడు

కోరుట్ల_అమ్మ:

అందరికి నమస్తె. నాకు టైపింగ్ రాదు, ఫోన్ల మైకు ఒత్తి మాట్లాడుతున్న, అక్షరాలు తప్పు వడితె ఏమనుకోకుండ్రి. మాది కోరుట్ల పక్కకు ఊరు. నేను ఏడు చదివిన, బీడీలు చేస్త. మా ఆయన దుబాయ్ పోయి పదకొండేండ్లాయె, రెండేండ్లకొక్కసారి వస్తడు, నలభై రోజులుంటడు, పోతడు. కొడుకు హైదరాబాద్ల ప్రైవేట్ కాలేజిల బీటెక్. బిడ్డ ఈ యేడు మా ఊరి సర్కార్ బడిల పది పాసైంది, బడి ఫస్టు. వాళ్ల లెక్కల సారే బాసరకు ఫారం నింపిండు, మాకైతె యాది గూడ లేదు, మొన్న లిస్టు వెట్టిండ్రు, అండ్ల దీని నంబర్ ఉన్నది. సార్ ఇంటిదాంక వచ్చి చెప్పిండు, చాయ్ తాగు సార్ అంటె గూడ కూసోలే, ఇంకో ఇద్దరి ఇండ్లకు పోవాలె అన్నడు.

రాత్రి ఆయన ఫోన్ చేసినప్పుడు చెప్పిన. ఒక్కటే మాట, వద్దు. అంత దూరం ఆడపిల్లను ఎట్ల తోలుడు, ఆరేండ్ల చదువట, బయటికొచ్చేసరికి ఇరవై రెండేండ్లైతయి, అప్పుడు సంబంధాలు ఏడికెల్లి తేవాలె, కోరుట్లల ఇంటర్ చదువనీ, డిగ్రీ నడుమల చూద్దాం అంటడు. చూద్దాం అంటె ఏందో నాకెరుకే, మా ఆడబిడ్డ కొడుకున్నడు, మస్కట్ల పని చేస్తడు.

పైసల సంగతైతె నేను గూడ నోరు మూసుకుందు. పైసలు కాదు. కొడుకు చదువుకు రెండు రూపాయల మిత్తికి మూడు లక్షలు తెచ్చినం, వానికి ఏడు సబ్జెక్టులు ఆగినయి, ఎందుకు ఆగినయిరా అని ఆయన ఒక్కనాడు గూడ అడుగలే. దీనికి ఫీజే వడదంటున్నరు, అయినా వద్దు.

ఇంకో ముచ్చట చెప్త. నన్ను జూడ వచ్చిన్నాడు మా అత్త నా మొకం సరిగ జూడలే. చాట ముందల వెట్టి బీడీలు చెయ్యిమన్నది. నేను ఆకు కత్తిరిచ్చి తంబాకు వోసి సుట్టి దారం కట్టి ఇస్తె, రెండు వేళ్ల నడుమ వెట్టి దొర్లిచ్చింది, గట్టిగున్నదా లూజున్నదా అని. పీఎఫ్ పుస్తకం ఉన్నదా అని మా అమ్మను అడిగింది, ఉన్నది అన్నంకనే ముచ్చట ముందటికి వోయింది. అప్పుడు నాకు పదహారు. ఇప్పుడు కాలం మారిందంటరు. నిజమే, బీడీలొస్తయా అని ఎవ్వలు అడుగుతలేరు, ఇంటర్ అయిందా డిగ్రీ అయిందా అని అడుగుతున్నరు. మా ఆడబిడ్డ ఏమన్నదంటె, ఇంటర్ మంచిదే వదినె, డిగ్రీ ఉన్నా మంచిదే, ఇంజినీరింగ్ అయితె మా పోరనికంటె ఎక్కువైతది గద అన్నది. నవ్వుకుంటనే అన్నది.

బిడ్డ ఏడ్వలే. వాళ్ల నాయిన ఫోన్ వెట్టేసినంక నా చాట తీస్కోని కూసుండి బీడీలు చెయ్యవట్టింది. నేను దానికి ఎన్నడు నేర్పలే, చాట ముట్టుకుంటె చెయ్యి మీద ఒకటి ఏసేదాన్ని, చూసి చూసి ఎట్ల నేర్చుకున్నదో. ఒక కట్ట కట్టి నా ముందల వెట్టింది. ఇరవై ఐదు. ఒక్కటి గూడ లూజు లేదు.

వచ్చే వారం కౌన్సెలింగ్. మీ పిల్లలు ఎవరన్న అక్కడ చదివిండ్రా, హాస్టల్ ఎట్లుంటది, ఆయనకు ఎట్ల చెప్పాలె, చెప్పుండ్రి.

రాజన్న_భక్తుడు:

అక్కా కోపానికి రాకు, ఉన్న ముచ్చట చెప్తున్న. బీటెక్ చదివిన పిల్లకు బీటెక్ చదివిన పిల్లగాడే కావాలె, వాడు అడిగే కట్నం డిగ్రీ పిల్లగాడు అడగడు. మా చిన్నాయన బిడ్డకు గిట్లనే ఎంటెక్ దాంక చదివిచ్చిండ్రు, ముప్పై దగ్గరికొచ్చింది, ఇంక సంబంధం కుదురలే. చదువు వద్దని కాదు, దగ్గరల చదివిచ్చుకోండ్రి. అన్న చెప్పింది గూడ గదే గద.

పరకాల_టు_బాసర:

చిన్నమ్మా నేను అక్కడ ఆరేండ్లు ఉండి వచ్చిన, ఇప్పుడు హైదరాబాద్ల జాబ్. మాది పరకాల దిక్కు, నాన్న హమాలీ పని. ముందుగాల పైన అన్నకు ఒక్క మాట, మీ చెల్లెకు ముప్పై వచ్చినా సంబంధం కుదురలేదంటున్నరు గని ఆమె ఇప్పుడు ఏం పని చేస్తున్నది, ఎంత సంపాదిస్తున్నది, ఆమెకు అసలు పెండ్లి చేసుకోవాలని ఉన్నదా, ఇవి ఏవీ రాయలేదు మీరు. నాకైతె అవే వినాలని ఉండె.

ఇగ ముచ్చటకొస్త. బాసర క్యాంపస్ 2008ల పెట్టిండ్రు, మా ఊర్ల లెక్కటి ఊర్లల్ల చదివిన పిల్లల కోసమే. ఎంట్రెన్స్ లేదు, పదిల వచ్చినదాన్ని బట్టే. మా టైంల జీపీఏ ఉండె, సర్కార్ బడి పిల్లలకు 0.4 కలిపేది, కార్పొరేట్ స్కూల్ పిల్లలతోటి పోటీ పడాలంటె ఆ మాత్రం ఉండాలె కదా. మొదటి రెండేండ్లు పీయూసీ, అంటె ఇంటర్ తోటి సమానం, తర్వాత నాలుగేండ్లు బీటెక్. మధ్యల ఎంసెట్ రాసేది లేదు, అంటె కోచింగ్‌లకు లక్షలు పోసేది లేదు. చిన్నాయనకు ముఖ్యంగ చెప్పాల్సింది ఇంకోటి ఉన్నది, పీయూసీ రెండేండ్లు అయినంక వద్దనుకుంటె సర్టిఫికెట్ తీసుకోని బయటికి రావచ్చు, డిగ్రీల చేరొచ్చు, ఎంసెట్ రాయొచ్చు. కాబట్టి ఆరేండ్లు అని ఆయనకు చెప్పకుండ్రి, ముందు రెండేండ్లు అని చెప్పుండ్రి. ఒకటి మాత్రం బిడ్డను అడుగుండ్రి, డాక్టర్ కావాలని ఉన్నదా అని, ఎందుకంటె బాసరకు పోతె చివరికి ఇంజినీరింగే, బైపీసీ మీద మనసుంటె గురుకులమో ఇంకోటో చూసుకోవాలె.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేటోళ్లకు ట్యూషన్ ఫీజు కట్టేది ఉండదు, చేరేటప్పుడు డిపాజిట్ అది ఇది అని కొన్ని వేలు. బీసీలకు పల్లెల్లో ఆదాయం లిమిట్ లక్షా 50 వేలు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇప్పుడే మీసేవల పెట్టుండ్రి, కౌన్సెలింగ్ ముంగట అందరు ఒక్కసారే పోతరు.

హాస్టల్ గురించి అబద్ధం చెప్పను. ఆడపిల్లలకు వేరే బిల్డింగులు, గేటు లోపలనే అంతా, బయటికి పోవాలంటె పర్మిషన్. కని ఇంటి తిండి ఉండదు, నీళ్ల కాడ లొల్లి ఉంటది, మొదటి నెల అందరు ఏడుస్తరు. 2022 జూన్‌ల పిల్లలు 12 డిమాండ్లు పెట్టి వారం రోజులు ఎండకు వానకు గేటు కాడ కూసున్నరు, పేపర్లల్ల టీవీలల్ల అంతట వచ్చింది, చిన్నాయన ఫోన్ల గూడ ఆ వీడియోలు ఉండే ఉంటయి. ఆయన అడిగితె దాపెట్టకుండ్రి. దాపెడితె తర్వాత ఏది చెప్పినా నమ్మడు. ఇంకోటి, మా బ్యాచ్‌ల మొగపిల్లలకంటె ఆడపిల్లలమే ఎక్కువ ఉంటిమి, ఇప్పుడు లిస్టులల్ల గూడ ఆడపిల్లలదే పైచెయ్యి, కాబట్టి ఒక్కతే పోతున్నది అనుకోకుండ్రి.

ఓరుగల్లు_రన్నర్:

మాది పర్వతగిరి మండలం. మా మండలంల కల్లెడ అని ఊరు, దీప్తి జీవాంజి పేరు అందరు విన్నరు కదా, 2024ల జపాన్ కోబెల పారా అథ్లెటిక్స్ పోటీలల్ల 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు కొట్టింది, అదే యేడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం. ఆ పిల్ల చిన్నగున్నప్పుడు చుట్టుపక్కల మనుషులే ఏమేమో అన్నరని వాళ్ల అమ్మనాన్నలే చెప్పుకున్నరు. ఉన్న కాసింత భూమి అమ్ముకున్నోళ్లు, బిడ్డ పతకాల పైసలతోటి మళ్ల కొనుక్కున్నరు. పతకం వచ్చిన్నాడు చూడాలె మా దిక్కు, ఏ మూలకు వోయినా ఫ్లెక్సీలే. నిజామాబాద్ల నిఖత్ జరీన్, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గూడ మీ ఉత్తర తెలంగాణ బిడ్డే. అన్నకు ఈ వీడియోలు పంపు అక్కా, మనసు మారుతది.

రిటైర్డ్_సార్_హన్మకొండ:

నేను 34 ఏండ్లు పంతులుగిరి చేసి దిగినోణ్ణి. పైన తమ్ముడు మంచి మనసుతోనే రాసిండు కానీ నాకు ఆ వీడియోల మీద ఒక పేచీ ఉన్నది. పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఆమెకు 14 కూడా నిండలేదు, గురుకులం పిల్ల, నేను ఆనాడు బడిలో అందరికీ మిఠాయి పంచిన. కానీ ఈ తల్లి బిడ్డ ఎవరెస్టు ఎక్కుతా అంటలేదు, బాసర బస్సు ఎక్కుతా అంటున్నది. పతకం తెచ్చిన పిల్లలను చూపించి చదివించమంటే, పతకం తేని పిల్లకు ఆ హక్కు లేదన్నట్టే అయితది. మొగపిల్లగాన్ని కాలేజీకి పంపేటప్పుడు ఎవరి వీడియో చూపిస్తున్నరు మరి? ఏడు సబ్జెక్టులు ఆగినా నడుస్తున్నది కదా.

నేను చూసింది చెప్తా. 1990లల్ల నేను పనిచేసిన ఊర్లె హాజరు పట్టీల దసరా దాకా ఆడపిల్లల పేర్ల ముందు గీతలు సక్కగ ఉండేవి, సంక్రాంతికి సగం పేర్లకు ఎర్ర సిరానే. పత్తి ఏరనీకి పోయేటోళ్లు. మళ్ల వచ్చేటోళ్లు కొందరు, రానోళ్ల ఇంటి నుంచి శుభలేఖ వచ్చేది. ఎనిమిది చదివే పిల్ల పెండ్లికి నేను స్వయంగా పోయి, భోజనం చేసి, 51 రూపాయలు కట్నం చదివించి వచ్చిన. ఆ పిల్ల పెండ్లిపీటల మీద నన్ను చూసి లేచి నిలబడబోయింది, సార్ వచ్చిండని. ఇప్పటికీ ఆ లేవబోయిన తీరు నాకు కండ్ల ముందే ఉంటది. నేను ఆనాడు ఒక్క మాట అనలేదు. అప్పుడు అది తప్పని అనిపించలేదని ఇప్పుడు చెప్పుకుంటే నమ్ముతరా, అనిపించింది, ఊకున్న.

2011 జనాభా లెక్కల్ల తెలంగాణల మొగవాళ్లు నూటికి 75 మంది చదువొచ్చినోళ్లయితే ఆడవాళ్లు 58. ఆ తేడా ఎవరిదో తెల్సా అమ్మా, మీ తరందే, చాట ముందు కూసున్న మీదే. తర్వాత చానా మారింది, కాదనను. 2004 నుంచి కస్తూర్బా స్కూళ్లొచ్చినయి, బడి మానేసిన ఆడపిల్లలను మళ్ల తెచ్చి కూసోబెట్టినయి. గురుకులాలు పెరిగినయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీల ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏదెక్కినా జీరో టికెట్, నవ్వేటోళ్లు నవ్వుతరు గని కాలేజీకి పోయే పిల్లకు అదెంత పెద్ద సంగతో బస్ పాస్ పైసల కోసం నాయిన ముందు నిలబడ్డోళ్లకు తెలుస్తది. మీరు నెలకోసారి బిడ్డను చూడనీకి పోవచ్చు, ఛార్జీ లేదు, ఇది మీ ఆయనకు చెప్పండి.

ఆడపిల్ల పెండ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి పైసల గురించి నాది వేరే అభిప్రాయం, తిట్టినా పర్వాలేదు. 2014ల 51 వేలతో మొదలైంది, ఇప్పుడు లక్షా 116. పద్దెనిమిది నిండితేనే ఇస్తరు కాబట్టి పదిహేను పదహారుకు చేసే పెండ్లిళ్లు ఆగినయి, అది మంచే. కానీ ఆ పద్దెనిమిది అన్నది ఇప్పుడు ముహూర్తం లెక్క అయింది, ఎప్పుడు నిండుతదా అని కూసుంటున్నరు. మీ బిడ్డకు ఇప్పుడు పదహారే కదా, అంతకు ముందే ఎవరైనా తొందర పెడితే బాల్యవివాహాలు ఆపే 2006 చట్టం ఉన్నది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చాలు. అంతదాకా రాదనుకుంట.

ఇంకోటి మరిచిన. మీకు బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే, కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ల పెట్టుకోవాలె. చానామంది బీడీ తల్లులకు ఈ సంగతే తెల్వది. మీ అత్త అడిగిన పుస్తకం ఇప్పుడు మీ బిడ్డకు అక్కరకొస్తది, చూసుకోండి.

షార్జా_మెట్‌పల్లి:

నేను షార్జాల ఉంట. ఎవ్వలు మొగోని దిక్కు మాట్లాడుతలేరు, నేను మాట్లాడుత. అక్కా, బావ చెడ్డోడు కాదు. ఒక్క రూంల ఎనిమిది మందిమి ఉంటం, డ్యూటీ దిగినంక తిని మంచం మీద వడి ఫోన్ జూస్తం, ఆ ఫోన్ల ఏమొస్తయి, ఫలాన ఊర్ల పిల్ల ఎల్లిపోయింది, ఫలాన హాస్టల్ల గిట్లయింది, గవే. మంచిగ చదువుకున్న పిల్లల వీడియో ఎవ్వడు పంపడు. ఏమన్నైతె రేపొద్దుగాల రాలేం, లీవ్ ఇయ్యాలె, టికెట్ దొరుకాలె, కంపెనీ కాడ పాస్‌పోర్ట్ ఇడిపిచ్చుకోవాలె. ఈడికెల్లి మేము చేయగలిగేది రెండే, పైసలు పంపుడు, వద్దనుడు. పైసలు అక్కరలేదని మీరు అంటె ఇగ మాకు మిగిలేది ఆ రెండోదే గద.

గందుకే వట్టి మాటలతోటి చెప్తె ఇనడు. ఆ లెక్కల సార్ తోటి మాట్లాడిపియ్యి. మొగోడు ఇంకో మొగోని మాట ఇంటడు, గది తప్పే, కని నీకు టైం లేదు, వారమే ఉన్నది. సెలవునాడు చెయ్యి, డ్యూటీ దిగిన రాత్రి అడుగకు, అప్పుడు ఏదడిగినా వద్దనే వస్తది నోట్లెకెల్లి. ఆయనకు ఒక పని అప్పజెప్పు, గేటు కాడికెల్లి వీడియో కాల్ చేస్తం నువ్వే చూసి చెప్పు అను.

నా ముచ్చట గూడ చెప్త. మా చెల్లెకు నర్సింగ్ సీటొచ్చింది, నేనే వద్దన్న ఈడికెల్లే, ఫోన్లనే. ఇప్పుడు ఆమె గూడ నీ లెక్కనే బీడీలు చేస్తది, నెలల సగం రోజులు ఆ పని గూడ ఇస్తలేరు. రాఖీకి ఫోన్ చేస్త, మంచిగనే మాట్లాడుతది, ఆ ముచ్చట మాత్రం ఎన్నడు తియ్యది. తీసి తిట్టినా బాగుండు.

రాజన్న_భక్తుడు:

పరకాల అక్కా, మీరడిగినంక చెల్లెకు ఫోన్ చేసిన. బెంగళూర్ల ఉన్నది, నెలకు అరవై దాటింది జీతం, ఇంటికి ఇరవై పంపుతదట, నాకు గిది గూడ తెల్వదు. పెండ్లి ముచ్చట అడిగితె నవ్వింది. కట్నం లెక్క మాత్రం నేను చెప్పింది అబద్ధం కాదు, గదైతె ఉన్నది మన కాడ.

కోరుట్ల_అమ్మ:

అందరికి దండం. ఆలస్యమైంది చెప్పుడు. మొన్న ఆయనకు సెలవు, పొద్దుగాలనే సార్‌ను ఇంటికి పిలిచి వీడియో కాల్ చేసిన. సార్ పావుగంట సేపు చెప్పిండు, రెండేండ్లకు బయటికి రావచ్చన్నది గూడ చెప్పిండు, ఆయన ఊ కొట్టుడే, ఏమనలే. ఆఖరికి ఒక్కటే అడిగిండు, బాసర స్టేషన్ల దిగితె కాలేజి గేటు ఎంత దూరం, ఆటోలు రాత్రి గూడ ఉంటయా అని. బిడ్డను చిన్నప్పుడు అక్షరాభ్యాసానికి తీస్కపోయింది గూడ బాసరకే, గుడి యాదికున్నది గని కాలేజి ఏ దిక్కున్నదో యాది లేదు అన్నడు. ధర్నా వీడియో ముచ్చట గూడ తీసిండు, ఉన్నదే చెప్పిన, అయింది నిజమే అని.

సార్ పోయినంక నాతోటి నీ ఇష్టం అన్నడు. మా ఇంట్ల నీ ఇష్టం అంటె సరే అని కాదు, రేపు ఏమన్నైతె నీ మీదనే అని. ఎరుకయ్యే తీస్కున్న. మా ఆడబిడ్డ రెండు రోజులైంది ఫోన్ ఎత్తుతలేదు. కొడుకును అడిగితె పంపుండ్రి అన్నడు, ఫోన్లకెల్లి తల గూడ లేపలే, అయితేంది, అన్నడు గద.

బీడీ కార్డు ఎతికిన, బియ్యం డబ్బ ఎనుక దొరికింది. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు మీసేవల పెట్టిన, ఒకసారి వాపస్ వచ్చింది, మళ్ల పెట్టిన. సోమవారం పోవాలె. పరకాల బిడ్డా, పెట్టె కొనాల్నా సూట్‌కేసా, ఆయనేమో సూట్‌కేస్ కొను పైసలు ఏస్త అంటున్నడు, పక్కింటోళ్లు ఇనుప పెట్టె మంచిదంటున్నరు.

పరకాల_టు_బాసర:

ఇనుప పెట్టెనే చిన్నమ్మా, మంచం కిందికి పట్టేది చూసుకోండ్రి, పైన పేరు పెయింట్ వేయించుండ్రి. చిన్నాయన పైసలు వేస్త అంటున్నడు కదా, వేయనియ్యిండ్రి, సూట్‌కేస్ గూడ కొనుండ్రి, సెలవులకు వచ్చేటప్పుడు పనికొస్తది. బకెట్, మగ్గు, దోమతెర ఇంటికెల్లే తీస్కపోండ్రి. టీసీ, మెమోల జిరాక్సులు ఐదైదు సెట్లు. తాళం మాత్రం రెండు చెవులు ఉండేది తీసుకోండ్రి, ఒకటి మీ కాడ పెట్టుకోండ్రి, మొదటి నెలల అందరం చెవి పోగొట్టుకున్నోళ్లమే.